కెమెరా తెర మీద కత్తిలా ఉంది, టీవీలో పెడితే మసక! డీఎస్ఎల్ఆర్ వీడియోలో ఫోకస్‌ని ఎలా నమ్మాలండి?

ఆత్రేయపురం_అబ్బాయి

అందరికీ నమస్కారం అండి. మా బాబాయి స్టూడియో ఎత్తేస్తూ తన కెనాన్ 5డీ మార్క్ 2 కెమెరా నా చేతిలో పెట్టారు. దాంతోపాటు 50 ఎంఎం ఎఫ్ 1.8 లెన్సూ, 24–105 జూమూ ఇచ్చారు. మా అమ్మా, పెద్దమ్మా పూతరేకులు తీస్తారు. ఇప్పుడు ఆర్డర్లన్నీ ఫోన్‌లోనే కదా, వేడి కుండ మీద రేకు తీసే పని ఓ మంచి వీడియోగా తీసి పెడదామని రెండు రోజులు పాకలోనే కూర్చున్నాను.

తీసేటప్పుడు కెమెరా వెనక తెర మీద చూస్తే అమ్మ వేళ్ళ గీతలు కూడా లెక్కపెట్టేయొచ్చు. అంత షార్ప్. పెన్‌డ్రైవ్‌లో వేసి 43 అంగుళాల టీవీలో పెట్టాను. మా చెల్లి చూసి, "అన్నయ్యా, కళ్ళజోడు పెట్టుకుని తీశావా, తీసేసి తీశావా?" అంది. నిజంగానే మసక. మొత్తం కాదు కానీ కావలసిన చోటే మసక.

నేను చేసింది ఇదండి: ట్రైపాడ్, లైవ్ వ్యూ (వెనక తెర మీదే బొమ్మ చూడటం), 10 రెట్లు జూమ్ చేసి రింగు తిప్పి ఫోకస్ చూసుకున్నాను, తర్వాత రికార్డు నొక్కాను. లెన్స్ కన్నం బాగా తెరిచి ఎఫ్ 1.8, షట్టర్ 1/50 సెకను, వెలుగుని పట్టే సున్నితం ఐఎస్ఓ 640. కెమెరా కుండకి ఓ మీటరు దూరం. తెర మీద పెట్టుకునే భూతద్దం కొనాలా, బయట మోనిటర్ కొనాలా, పీకింగ్ అంటారే అది ఏదైనా వేసుకోవచ్చా? లేకపోతే లెన్సే పోయిందంటారా?

భీమవరం_క్లిక్స్

బ్రదర్, లెన్స్ బ్యాక్ ఫోకస్ అవుతోంది, అంటే కావలసిన చోటికి వెనక కుదురుతోంది. మెనూలో ఏఎఫ్ మైక్రో అడ్జస్ట్‌మెంట్ ఉంటుంది, మైనస్ అయిదో ఆరో పెట్టి చూడు. పిక్చర్ స్టైల్‌లో షార్ప్‌నెస్ 7 పెట్టెయ్, టీవీలో అదిరిపోద్ది. నేను ఏడాదికి నలభై పెళ్ళిళ్ళు ఇలాగే తీస్తున్నా, ఒక్కళ్ళూ మసక అనలేదు.

గట్టుమీద_మాస్టారు

భీమవరం బాబూ, నలభై పెళ్ళిళ్ళకి నమస్కారం. కానీ ఈ రెండు సలహాల్లో ఒకటి ఈ అబ్బాయికి పనికిరాదు, రెండోది చెరుపు చేస్తుంది.

మైక్రో అడ్జస్ట్‌మెంట్ అనేది వ్యూఫైండర్‌లో చూసి ఫొటో తీసేటప్పుడు పనిచేసే ఆటో ఫోకస్ కోసం. అద్దం వెనకనుంచి కొంచెం వెలుగు కిందికి దిగి, కెమెరా అడుగున వేరే ఫోకస్ సెన్సార్ మీద పడుతుంది. ఆ సెన్సార్ కొలతకీ లెన్స్‌కీ మధ్య తేడా ఉంటే సరిచేసుకోడానికే ఆ మెనూ. వీడియోలో అద్దం పైకి లేచిపోయి ఉంటుంది. వ్యూఫైండర్ చీకటి, అడుగు సెన్సార్‌కి వెలుగే అందదు. పైగా ఈ అబ్బాయి చేత్తో రింగు తిప్పాడు. మెనూలో మైనస్ ఆరు పెట్టినా మైనస్ అరవై పెట్టినా వీడియోలో వెంట్రుకవాసి తేడా రాదు.

ఇక తెర సంగతి. అబ్బాయ్, 5డీ మార్క్ 2 వెనక తెర 640 బై 480 చుక్కలు. అమ్మేటప్పుడు 9 లక్షల 20 వేల డాట్స్ అంటారు గానీ, అది ఎరుపు, ఆకుపచ్చ, నీలం విడివిడిగా లెక్కేసిన అంకె. వీడియో అడ్డంగా పొడుగు కాబట్టి, పైనా కిందా నల్లపట్టీలు పోగా బొమ్మకి దక్కేది 640 బై 360. నువ్వు తీసింది 1920 బై 1080. అటు మూడు రెట్లు, ఇటు మూడు రెట్లు. అంటే వీడియోలోని తొమ్మిది చుక్కల్ని కలిపి తెర ఒక్క చుక్కగా చూపిస్తోంది. తొమ్మిదిమంది మాట్లాడింది ఒక్కడు వచ్చి చెప్తే గొడవలన్నీ సర్దుకుపోయినట్టే ఉంటాయి కదా? అదీ నీ తెర. దాంట్లో కత్తిలా ఉందంటే దానికి అర్థం లేదు. దాంట్లోనే మసకగా ఉంటే మాత్రం అర్థం ఉంది.

కొబ్బరిబొండాం

మాస్టారు క్లాసు మొదలెట్టేశారు. వెనక బెంచీలో నాకు చోటుంచండి.

ఆత్రేయపురం_అబ్బాయి

అబ్బ! తొమ్మిదికి ఒకటా! కానీ మాస్టారూ, నేను 10 రెట్లు జూమ్ చేసే కదండీ ఫోకస్ చూసింది. అప్పుడు అసలు చుక్కలే కనబడతాయి కదా?

రాజోలు_స్టూడియోబాబాయ్

కనబడతాయి నాన్నా. అందుకే ముందో సంగతి చెప్పు. ఆ వీడియో ఆపి, ఒక్క ఫ్రేమ్ ల్యాప్‌టాప్‌లో అసలు సైజులో పెట్టి చూడు. కిటికీకి సరిపడా కుదించి చూడకు. పాత ల్యాప్‌టాప్‌లు చాలావరకు 1366 బై 768వి. ఫుల్ హెచ్‌డీ వాటిలో పూర్తిగా కనబడాలంటే సగానికి సగం చుక్కలు చంపేసి చూపిస్తాయి. అవి కూడా అబద్ధాల కోరులే. నూరు శాతం అన్న దగ్గర పెట్టి, బొమ్మని పక్కలకి జరుపుకుంటూ మూలమూలా చూడు. టీవీలో కూడా షార్ప్‌నెస్ అనే సెట్టింగు ఉంటుంది, దాన్ని సున్నాకో మధ్యకో తేవాలి. లేదంటే అది తన పెత్తనం తను చేస్తుంది.

నేను ముప్ఫై ఏళ్ళనుంచి ఇదే పనిలో ఉన్నాను, క్యాసెట్ల రోజులనుంచి. నాకు తెలిసిన కిటుకు ఒకటే. మసకని చూసి "మసక" అనెయ్యకూడదు, ఏ మసకో చూడాలి. వైద్యుడు జ్వరం అనగానే మాత్ర ఇవ్వడు కదా. ఫ్రేమ్‌లో ఇంకెక్కడైనా ఏదైనా షార్ప్‌గా ఉందా? వేళ్ళు మసక, కానీ వెనకాల తడికలో తాటాకు ఈనె స్పష్టంగా ఉందనుకో, లెన్స్ బంగారం, ఫోకస్ తప్పు చోట కూర్చుంది. ఏదీ షార్ప్‌గా లేదు, మెరిసే చుక్కలన్నీ ఒకే వైపు సాగిన గీతల్లా ఉన్నాయి, అది కెమెరా కదిలిన మసక. చుట్టూ అంతా బాగుండి కదిలే చెయ్యి మాత్రం అలికినట్టుంటే అది షట్టర్. 1/50లో చెయ్యి వేగంగా కదిలితే అలికినట్టే వస్తుంది, అలాగే రావాలి కూడా. ఆడుతుంటే కంటికి హాయిగా ఉంటుంది, ఆపి చూస్తే భయపెడుతుంది. చాలామంది ఆపిన ఫ్రేమ్ చూసి ఫోకస్ పోయిందని ఏడుస్తారు. ఇక అంతా మీద పాలమీగడ రాసినట్టు తెల్లగా కమ్మేసి ఉంటే లెన్స్‌లో బూజో, మీద ఆవిరో.

చూసి చెప్పు.

భీమవరం_క్లిక్స్

మైక్రో అడ్జస్ట్ సంగతి ఒప్పుకుంటా మాస్టారూ, నేను ఫొటో లెక్కలో చెప్పా. షార్ప్‌నెస్ 7 మాత్రం వదలను. పార్టీకి మెరుపు కావాలండీ. ఎల్ఈడీ గోడ మీద పెళ్ళికూతురి నగ తళుక్కుమనాలి. మీ లెక్కలు ఎవడికి కావాలి?

గట్టుమీద_మాస్టారు

నగకి సరే. పక్కనే పెళ్ళికూతురి అమ్మమ్మ ముఖం ఉంటుంది, దాని సంగతో? కెమెరా పెట్టే షార్ప్‌నెస్ కొత్త వివరం ఏమీ తేదు. అంచు దగ్గర నలుపుని ఇంకా నలుపు, తెలుపుని ఇంకా తెలుపు చేస్తుంది. 7 దగ్గర ప్రతి అంచుకీ తెల్ల జరీ కుట్టినట్టు ఉంటుంది. దాన్ని మళ్ళీ ఎడిటింగ్‌లో తీయలేం. సున్నా దగ్గర తీసి, ఎడిటింగ్‌లో కావలసినంత వేసుకుంటే నగకి ఎక్కువ, అమ్మమ్మకి తక్కువ వేసుకోవచ్చు. ఇంకో తంటా కూడా ఉంది. ఆ గీసిన అంచుల్ని తెరమీద చూసి నీ కన్నే మోసపోయి ఫోకస్ కుదిరిందనుకుంటుంది.

భీమవరం_క్లిక్స్

మూడువందల గంటల ఫుటేజీకి అమ్మమ్మకి వేరు, నగకి వేరు ఎవడు వేస్తాడండీ బాబూ. సీజన్‌లో అన్నం తినడానికి టైము లేదు.

రాజోలు_స్టూడియోబాబాయ్

అదీ నిజమే. నాలుగు పెట్టుకో, ఇద్దరూ బతుకుతారు.

నరసాపురం_లేసు

నమస్తే. నేను లేసు పని ఆన్‌లైన్‌లో అమ్ముతాను, వీడియోలు నేనే తీసుకుంటాను. ఇక్కడ అందరూ మసక గురించే మాట్లాడుతున్నారు, నా బాధ తలకిందులు. నాది మరీ షార్ప్! ఇదే తరం కెమెరాతో లేసు టేబుల్‌క్లాత్ తీస్తే కన్నుల మధ్య దారం లేనిచోట గీతలు, రంగుల అలలు వచ్చాయి. కొనేవాళ్ళు, "దీనికి ఊదారంగు కలిపారా మేడమ్?" అని అడిగారు. తెల్లటి లేసండి బాబూ.

తర్వాత తెలిసింది. 5డీ మార్క్ 2 ఫొటోకి అడ్డంగా 5616 చుక్కలు తీస్తుంది, వీడియోకి 1920 చాలు. అన్నీ చదివి కుదించే ఓపిక ఆ రోజుల్లో దాని ప్రాసెసర్‌కి లేదు. అందుకని మధ్యలో వరసలకి వరసలు వదిలేసి చదువుతుంది. నేత లెక్కలో చెప్పాలంటే పోగు విడిచి పోగు చూసి చీర డిజైను చెప్పేసినట్టు. సన్నని కన్ను వదిలేసిన వరసలో పడితే కెమెరా ఊహించి ఏదో గీస్తుంది. కాబట్టి ఆ కెమెరాలో షార్ప్‌గా కనబడేదంతా నిజం షార్ప్ కాదు. 2012లో వచ్చిన మార్క్ 3లో ఈ రంగుల అలలు బాగా తగ్గాయి, కానీ బొమ్మ కాస్త మెత్తగా ఉంటుంది.

నేనేం చేస్తానంటే, లేసు తీసేటప్పుడు ఫోకస్‌ని సరిగ్గా కుదిర్చి, వెంట్రుకవాసి పక్కకి తప్పిస్తాను. లేకపోతే ఓ అడుగు దగ్గరికి జరిగి కన్ను పెద్దది చేస్తాను. ఫోకస్ తప్పించడం నేరమేం కాదు, నా వ్యాపారం దానిమీదే నడుస్తోంది.

కొబ్బరిబొండాం

అక్కా, మా పెళ్ళి వీడియోగ్రాఫర్ కూడా అదే టెక్నిక్ వాడాడు. మొత్తం మూడు గంటలూ వెంట్రుకవాసి తప్పించాడు.

క్లిక్_కుర్రాడు

హాయ్ అన్నలు, 25 వేలలో వీడియోకి బెస్ట్ కెమెరా చెప్పండి.

వేదిక_కాపలా

తమ్ముడూ, దానికి వేరే చర్చ ఉంది, పైన పిన్ చేశాం. ఇక్కడ ఫోకస్ గురించే.

ఆత్రేయపురం_అబ్బాయి

బాబాయ్ గారూ, చూశానండి. మీరు చెప్పినట్టే నూరు శాతంలో పెట్టి మూలమూలా వెతికాను. కుండ మీద ఓ నల్లటి మసి చార ఉంది, అది కత్తిలా ఉంది! దాని పక్కనే కుండ మీద చిన్న గరుకు కూడా కనబడుతోంది. రేకు తీసే వేళ్ళు మాత్రం మసక. రేకు అయితే తెల్లటి పొగలా ఉంది.

ఇప్పుడు గుర్తొచ్చింది. ఫోకస్ చూసేటప్పుడు రేకు మీద పెట్టి జూమ్ చేస్తే ఏమీ తెలియలేదు. తెల్లటి తెలుపు, ఎక్కడ తిప్పినా ఒకేలా ఉంది. అందుకని బాగా కనబడే ఆ మసి చార మీద కుదిర్చాను. రేకు దాని మీదే కదా ఉండేది అనుకున్నా.

గట్టుమీద_మాస్టారు

దొరికాడు దొంగ!

కొలిచి చెప్పు. మసి చారకీ, అమ్మ రేకు అంచు పట్టుకుని లేపే చోటుకీ మధ్య దూరం ఎంత?

ఆత్రేయపురం_అబ్బాయి

ఇప్పుడే వెళ్ళి కొలిచి వచ్చా. కెమెరా వైపుకి తొమ్మిది, పది సెంటీమీటర్లు ఉంటుందండి. అమ్మ నన్ను చూసి, "టేపు ఎందుకురా, కుండకి చొక్కా కుట్టిస్తావా" అంది.

గట్టుమీద_మాస్టారు

హహ. ఇప్పుడు లెక్క చూడు. ఫుల్ ఫ్రేమ్ (పాత ఫిల్మ్ ఫ్రేమంత) సెన్సార్, 50 లెన్స్, ఎఫ్ 1.8, మీటరు దూరం. షార్ప్‌గా ఉండే మందం అటూ ఇటూ కలిపి దాదాపు 4 సెంటీమీటర్లు. రెండు వేళ్ళ వెడల్పు. అమ్మ వేళ్ళు మసి చారకి 10 సెంటీమీటర్లు ముందుకి ఉన్నాయి. లెన్స్ తప్పేం ఉంది పాపం? ఎఫ్ 4 పెట్టి కన్నం చిన్నది చేస్తే ఆ మందం 9 సెంటీమీటర్ల దాకా వస్తుంది, బెత్తెడు కంటే కాస్త ఎక్కువ. ఆ మందం మధ్యలో వేళ్ళని కూర్చోబెడితే చెయ్యి నాలుగు సెంటీమీటర్లు అటూ ఇటూ ఆడినా ఫరవాలేదు.

నువ్వు పడ్డ గోతిలోనే ప్రతి పరికరమూ పడుతుంది. కెమెరా ఆటో ఫోకస్ లైవ్ వ్యూలో ఏం చేస్తుంది? ముందుకీ వెనక్కీ వెతికి, అంచుల దగ్గర నలుపు తెలుపుల తేడా ఎక్కడ ఎక్కువుంటే అక్కడ ఆగుతుంది. పీకింగ్ ఏం చేస్తుంది? అదే తేడా ఎక్కువున్న అంచులకి ఎర్రరంగు పూస్తుంది. మనిషి కన్ను కూడా అంతే, గట్టి అంచు కనబడేసరికి అక్కడికి పరిగెడుతుంది. పూతరేకుకి అంచూ లేదు, మచ్చా లేదు. దాని మీద పీకింగ్ పెడితే పక్కనున్న మసిచారకి రంగేసి "కుదిరింది బాబూ" అంటుంది. అందుకే కొనేముందు అడగాల్సింది "ఏ పరికరం మంచిది" అని కాదు, "నేను తీసేదానికి పట్టుకోడానికి ఏదైనా అంచు ఉందా" అని.

80డీ_పాలకొల్లు

ఇదంతా పాత కెమెరాల కష్టం. 2013లో కెనాన్ 70డీతో డ్యూయల్ పిక్సెల్ ఆటో ఫోకస్ వచ్చింది, అది ఉన్నవాటిలో తెర మీద వేలు పెడితే అక్కడికి ఫోకస్ మెత్తగా జారి వచ్చేస్తుంది. ముందుకీ వెనక్కీ వెతుక్కోవడం లేదు. నేను 80డీ వాడుతున్నా, 2016ది. హాయి.

రాజోలు_స్టూడియోబాబాయ్

హాయే, కాదనను. నాకూ ఒకటుంది. కానీ దానికీ ఏదో ఒక గీతో మచ్చో కనబడాలి. తెల్లగోడకి పెట్టి చూడు, దిక్కులు చూస్తుంది. పోయిన మాఘమాసంలో ఓ పెళ్ళిలో జీలకర్రబెల్లం పెట్టే క్షణానికి సరిగ్గా పంతులుగారి మోచెయ్యి అడ్డొచ్చింది. ఫోకస్ నింపాదిగా, ఎంతో అందంగా, మోచేతి మీదకి జారింది. మళ్ళీ వెనక్కి వచ్చేసరికి అక్షింతలు పడిపోయాయి. ముహూర్తం రెండోసారి రాదు కదా. అలాంటి చోట నేను మాన్యువల్‌లో పెట్టి, లెన్స్ రింగు మీద తెల్ల టేపు ముక్క అంటించి, పెళ్ళికొడుకు తల దగ్గర ఓ గీత, పంతులుగారి దగ్గర ఓ గీత పెన్నుతో పెట్టుకుంటాను. చేత్తో ఫోకస్ లాగడానికి అంతకంటే చవకైన పరికరం నాకు తెలీదు.

భూతద్దం, మోనిటర్ గురించి అడిగావు కదా నాన్నా. భూతద్దం ఎండలో దేవుడు. ప్రభల తీర్థం లాంటి ఆరుబయటి జాతరలో తెర అసలు కనబడదు. కంటికి ఆనించుకుంటే కెమెరాకి మూడో ఆసరా కూడా, ఊపు తగ్గుతుంది. కానీ గుర్తుపెట్టుకో, అది చుక్కల్ని పెద్దవి చేస్తుంది గానీ ఎక్కువ చెయ్యదు. తొమ్మిదికి ఒకటి తొమ్మిదికి ఒకటే. నేను మొదట్లో పీవీసీ గొట్టం ముక్కకి ఫ్యాన్సీ షాపులో కొన్న భూతద్దం బిగించి చేసుకున్నా. బాగానే పనిచేసింది. అంతర్వేది తీర్థంలో కెమెరాని భుజానికి వెనకవైపు తగిలించుకుని టీ తాగడానికి నిలబడ్డాను. గొట్టం నోరు సూర్యుడి వైపు తిరిగి ఉంది. టీ అయ్యేసరికి తెర మధ్యలో బియ్యపుగింజంత మచ్చ. చిన్నప్పుడు భూతద్దంతో కాగితం కాల్చేవాళ్ళం కదా, అదే. ఇప్పటికీ ఆ మచ్చ ఉంది, ఫోకస్ సరిగ్గా అక్కడే చూసుకోవాల్సి వస్తుంది నా ఖర్మకి.

మోనిటర్ మాటకొస్తే, ఆ మార్క్ 2కి కొనకు. రికార్డు నొక్కనంతసేపూ బాగానే పంపిస్తుంది. నొక్కగానే మోనిటర్ ఒక క్షణం నల్లబడి, 480 వరసల నాసిరకం బొమ్మకి పడిపోతుంది. అవసరమైనప్పుడే చెయ్యిచ్చే చుట్టంలాగ. మార్క్ 3కి 2013 ఏప్రిల్‌లో కొత్త ఫర్మ్‌వేర్ (కెమెరా లోపలి సాఫ్ట్‌వేర్) వచ్చాక పూర్తి హెచ్‌డీ శుభ్రంగా బయటికొస్తోంది. దానికైతే కొనొచ్చు.

ఆత్రేయపురం_అబ్బాయి

మరి రికార్డు అవుతుండగా జూమ్ చేసి చూద్దామంటే ఇందులో రావట్లేదండి. తీసేశాక ప్లే చేసి జూమ్ చేద్దామన్నా వీడియోకి రావట్లేదు, ఫొటోకే వస్తోంది.

80డీ_పాలకొల్లు

రాదు. మ్యాజిక్ లాంతర్న్ అని బయటివాళ్ళు రాసిన సాఫ్ట్‌వేర్ ఉంది, కార్డులో వేసుకుంటే రికార్డింగ్‌లోనే మధ్యలో చిన్న కిటికీ పెద్దది చేసి చూపిస్తుంది, పీకింగ్ కూడా ఇస్తుంది. ఆ 5డీ మార్క్ 2 కోసమే 2009లో మొదలైంది. కంపెనీది కాదు, ఏదైనా అయితే మన పూచీ. పెళ్ళిరోజున మొదటిసారి వెయ్యకు.

గట్టుమీద_మాస్టారు

దానికంటే ముందు చవక ఉపాయం. వీడియోకి పెట్టిన సెట్టింగులతోనే, ఏమీ కదపకుండా ఒక ఫొటో తీసి, దాన్ని పెద్దది చేసి చూడు. ఫొటో కూడా మసకైతే ఫోకసో, ఊపో. ఫొటో బ్రహ్మాండంగా ఉండి వీడియో ఒక్కటే మెత్తగా ఉంటే అది ఆ కెమెరా వీడియో చదివే తీరు, నువ్వు ఎంత రింగు తిప్పినా అంతే. అక్కడితో ఆగిపోయి ఎడిటింగ్‌లో కాస్త షార్ప్ వేసుకోవాలి.

అంబాజీపేట_ప్రభ

కనుమ నాడు జగ్గన్నతోటలో తీసేవాడిగా ఒక మాట. భుజాల మీద మోసే ప్రభలు కౌశిక ఏరు దాటేటప్పుడు రింగు తిప్పుతూ కూర్చుంటే పని అవదు. మోసేవాళ్ళు పరిగెడతారు, నీళ్ళు మన మీద పడతాయి, వెనక నుంచి జనం తోస్తారు. ఫుల్ ఫ్రేమ్‌లో 24 ఎంఎం, ఎఫ్ 8 పెట్టి ఫోకస్ 2.4 మీటర్ల దగ్గర టేపేసి కట్టేస్తా. 1.2 మీటర్లనుంచి ఆకాశం దాకా అంతా సరిపడా షార్ప్. ఎఫ్ 16, 22కి వెళ్ళకండి, అన్నీ కలిసి మెత్తబడతాయి. వెలుగు సన్నటి కన్నంలోంచి దూరితే చెదురుతుంది మరి.

ఇంకోటి, మధ్యాహ్నం చించినాడ వంతెన మీంచి 200 లెన్స్‌తో పడవ తీసి "ఫోకస్ రావట్లేదు" అని ఓ తమ్ముడు నా దగ్గరికొచ్చాడు. చూస్తే పడవ అంచు పాములా ఆడుతోంది. అది ఫోకస్ కాదురా, గాలి మరుగుతోంది అన్నా. ఏప్రిల్‌లో కోత కోసిన చేల మీద కూడా అంతే. పొద్దున్నే ఆరున్నరకి వెళ్ళి తీసుకోవాలి, లేదా దగ్గరికెళ్ళాలి. ఏ పరికరమూ దాన్ని బాగుచెయ్యదు.

నరసాపురం_లేసు

ప్రభగారూ, గాలి మరగడం అంటే గుర్తొచ్చింది. ఆత్రేయపురం తమ్ముడూ, మీ కుండ కింద మంట ఉంటుంది కదా? కుండకీ నీ లెన్స్‌కీ మధ్య ఆ వేడిగాలే లేస్తుంటుంది. పైగా పిండి ఆవిరి, కొబ్బరాకు పొగ. లెన్స్ ముందు అద్దం ఒకసారి వెలుగుకి అడ్డంగా పెట్టి చూడు.

ఆత్రేయపురం_అబ్బాయి

అక్కా, నువ్వు దేవతవి. అద్దం మీద నెయ్యి పూసినట్టు పలచటి పొర! రెండు రోజులు ఆ పాకలో కూర్చుంది మరి.

రాజోలు_స్టూడియోబాబాయ్

చొక్కా కొసతో తుడవకు! ముందు బ్లోయర్‌తో దుమ్ము ఊదు, తర్వాత లెన్స్ ద్రావణం ఓ చుక్క గుడ్డకి వేసి, మధ్యనుంచి బయటికి గుండ్రంగా తుడువు. ద్రావణం అద్దం మీద నేరుగా పోయకు. మన లంకల్లో తేమకి లెన్స్‌లో బూజు పడితే లోపల సాలెగూడులా ఉంటుంది, అది తుడిస్తే పోదు. గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ వేసి పెట్టు, నీలం గింజలు గులాబీ రంగుకి తిరిగితే మార్చు. బియ్యం డబ్బాలో పెట్టేవాళ్ళున్నారు, తవుడు పోతుంది లోపలికి. దిండిలో ఏసీ గదిలోంచి తెల్లవారుజామున నేరుగా గట్టు మీదకి తీసుకెళ్ళినా అద్దం అంతా పొగ పడుతుంది. బ్యాగులోనే మూసి ఓ అరగంట బయట ఉంచితే సర్దుకుంటుంది.

గట్టుమీద_మాస్టారు

సరే, ఇప్పుడు అబ్బాయి చేయాల్సింది. రేకుకి అంచు లేదు కాబట్టి, దానికి బదులు అంచున్నది పెట్టాలి. పాత పేపరు ముక్క ఒకటి చింపు. సన్న అక్షరాలున్న చోటు, టెండరు నోటీసులో, వివాహ ప్రకటనలో. అమ్మని రేకు లేపే చోట, లేపే ఎత్తులో, ఆ ముక్క పట్టుకోమను. 10 రెట్లు జూమ్ చేసి ద, ధ, థ వెతుకు. 'ద'ని 'ధ'లా చూపించే ఆ కింది చిన్న ఒత్తుగీత, థ కడుపులో చుక్క, ఈ రెండూ విడివిడిగా కనబడేదాకా రింగు తిప్పు. అటు దాటించి, మళ్ళీ వెనక్కి తెచ్చి, మధ్యలో ఆపు. అక్షరాలు నల్లగా కనబడ్డాయి చాలు అని ఆగిపోకు. ద, ధ ఒకేలా ఉంటే ఇంకా రాలేదన్నమాట. ఇంగ్లీషు వాళ్ళు నక్షత్రాల చార్టులు అచ్చేసుకుని అమ్ముకుంటున్నారు, మనకి అచ్చక్షరాలే చార్టు.

తర్వాత పేపరు తీసేసి, రింగు మీద టేపు వేసెయ్. ఎఫ్ 4. ఎఫ్ 1.8 నుంచి అక్కడికి రావాలంటే ఐఎస్ఓ 640 కాస్తా 3200 అవుతుంది, బొమ్మ మీద కాస్త ఇసక చల్లినట్టు చుక్కలు పడతాయి. అది ఇష్టం లేకపోతే వెలుగు పెంచు.

భీమవరం_క్లిక్స్

మాస్టారూ, ఊరికే ఇప్పుడే పేపరు గోడకి అంటించి కెమెరాతో వచ్చిన నా కిట్ జూమ్ లెన్స్‌తో చేసి చూశా. ముందు జూమ్ చేసి ద, ధ కుదిర్చి, తర్వాత వెడల్పు చేస్తే… మళ్ళీ రెండూ ఒకటైపోయాయి. ఇన్నేళ్ళూ మండపంలో నేను చేసేది ఇదే. జూమ్ చేసి ఫోకస్, వెనక్కి వచ్చి రికార్డు.

గట్టుమీద_మాస్టారు

పాత వీడియో కెమెరాల అలవాటు అది. వాటి జూమ్‌లు ఫోకస్ పట్టు వదలవు. ఫొటో జూమ్‌లు చాలావరకు వదిలేస్తాయి. లెన్స్ జూమ్‌తో కాదు, తెర జూమ్‌తో చూసుకోవాలి.

భీమవరం_క్లిక్స్

నలభై పెళ్ళిళ్ళు.

కొబ్బరిబొండాం

అన్నా, బాధపడకు. వాళ్ళలో ఒకడు మా బావమరిది. వాడు ఇంతవరకు ఆ వీడియో చూడలేదు.

ఆత్రేయపురం_అబ్బాయి

మూడు రోజుల తర్వాత వస్తున్నానండి, క్షమించాలి, పండగ ఆర్డర్లు.

నిన్న పొద్దున మళ్ళీ తీశాను. లెన్స్ శుభ్రం చేశా. అమ్మ చేతికి పేపరు ముక్క ఇచ్చా. మాస్టారు చెప్పినట్టు వివాహ ప్రకటనే దొరికింది. అమ్మ చదివి, "అబ్బాయి ఉద్యోగం మంచిదే" అంది. ద, ధ దగ్గర చాలాసేపు పట్టింది, కుదిరినట్టే ఉంటుంది, ఓ వెంట్రుక తిప్పితే ధ ఒత్తు ఇంకా సన్నగా కనబడుతుంది. నేను మొదటిసారి ఆగిన చోటు ఇప్పుడు చూస్తే ఎంత తప్పో తెలిసింది. టేపు వేశా. ఐఎస్ఓ 3200లో ఓ ముక్క తీశా, ఇసక నాకు నచ్చలేదు. పాక పక్కవైపు తాటాకు తడిక ఒకటి జరిపితే 1250కి దిగింది. పక్కనుంచి వెలుగు పడేసరికి ఇంకో మేలు జరిగింది, రేకు అంచు తెల్లగా మెరిసి అంచులాగే కనబడటం మొదలెట్టింది. మంట కూడా కెమెరా వైపు కాకుండా అటు తిప్పించా. లేసు అక్క చెప్పిన గాలి ఆట తగ్గింది.

టీవీలో పెట్టాను. అమ్మ గుడ్డని పిండిలో ముంచి కుండ మీద పరిచి లాగడం, తెల్లటి పొర పడి రెప్పపాటులో ఆరిపోవడం, గోటితో అంచు లేపి తీయడం. గోటి పక్కన అంటుకున్న పిండి చుక్క కూడా కనబడుతోంది. చెల్లి ఏమీ అనలేదు, అంటే బాగున్నట్టే. మూడు నిమిషాల వీడియో ఇక్కడ పెడుతున్నా, చూసి తిట్టండి.

రాజోలు_స్టూడియోబాబాయ్

చూశాను నాన్నా. వేళ్ళు బంగారంలా వచ్చాయి. కానీ రెండో నిమిషం దాటాక ఓ ఏడెనిమిది సెకన్లు, వెనక గుంజకి వేలాడుతున్న క్యాలెండర్లో "చవితి" అని నేను చదవగలిగాను. ఎఫ్ 4 పెట్టి మీటరు దూరంలో వేళ్ళ మీద ఫోకస్ ఉంటే నేను దాన్ని చదవకూడదు. ఏం జరిగింది?

ఆత్రేయపురం_అబ్బాయి

మీ కళ్ళకి దండం బాబాయ్ గారూ! చెల్లి రేకు కోసం పక్కనుంచి చెయ్యి చాపింది, రింగుకి తగిలి టేపు ఊడింది. చూసుకుని మళ్ళీ సరిచేశా. ఆ ముక్క కోసేస్తాలెండి.

నరసాపురం_లేసు

కొయ్యకు తమ్ముడూ. చెయ్యి రావడం, అమ్మ ఆ చేతి మీద ఒక్కటి వెయ్యడం, అదే నేను మూడుసార్లు వెనక్కి తిప్పి చూశాను.